ఉగ్గుగిన్నె చెప్పు కథ

మన పాత యిండ్లలో అటుకమీదనో, భోషాణపు అడుగుననో ఒక చిన్న గిన్నె ఇప్పటికిని అగపడును. అరచేతిలో ఇమిడిపోవునంతటిది, ఒక ప్రక్క సన్నని కొనవలె సాగిన మూతి గలది. కలవారి యింట వెండిది, తక్కినవారి యింట ఇత్తడిదో కంచుదో. దానిని ఉగ్గుగిన్నె యందుము. చిన్ననాటనే అబ్బిన విద్యను “ఉగ్గుపాలతో వచ్చిన విద్య” యని తెలుగువారు నేటికిని చెప్పుకొందురు. మాట మిగిలినది, గిన్నె మూల పడినది.

ఈ గిన్నెకు చిత్రమైన చరిత్ర గలదు. ఒకప్పుడు పుట్టిన బిడ్డను మూడు దినములు తల్లిపాలకు దూరముంచి, ఆముదమును, తేనెను, పంచదార నీటిని ఆ బిడ్డ నోట పోసినది ఇదియే. నేడు పెద్దాసుపత్రులలో నెలలు నిండక పుట్టిన బిడ్డలకు తల్లిపాలను బొట్టుబొట్టుగ త్రాగించుచున్నదియు ఇటువంటి గిన్నెయే. ఈ రెంటి నడుమ జరిగినదేమో, శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల పురిటిండ్లను తలచుకొనుచు, కొంత ముచ్చటింపవలెనని మా సంకల్పము. పాలిచ్చునది తల్లియే యైనను, ఆ పాలు సకాలమున బిడ్డకు అందుట ఆమె చుట్టు నిలిచినవారి చేతులలో నున్నదని ఈ చరిత్ర చెప్పుచున్నది.

ఈ సీమ పూర్వము చెన్నరాజధానిలోని గంజాము, విశాఖపట్టణము జిల్లాలలో చేరియుండెను. 1950 ఆగస్టు 15వ తేదీన శ్రీకాకుళము జిల్లా, 1979 జూన్ 1వ తేదీన విజయనగరము జిల్లా, 2022 ఏప్రిల్ 4వ తేదీన పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినవి. హద్దులు ఎన్నిమారులు మారినను వంశధార, నాగావళి, చంపావతి తీరములందలి పురిటింటి మర్యాదలు చాలకాలము ఒక్క తీరుగనే సాగినవి.

తొలిచూలు పుట్టింట జరుగుట ఆచారము. నెలలు నిండకమునుపే కూతురిని పుట్టింటికి తోడ్కొని వత్తురు. పురుడు పోయుటకు మంత్రసాని వచ్చును. పురుడైన పిమ్మట బాలింతకు వేరుగ ఒక గది, నులకమంచము, నూనె మర్దన, వేన్నీళ్ళ స్నానము, సాంబ్రాణి పొగ. శొంఠి, పిప్పళ్ళు, మిరియములు మున్నగునవి నూరి చేసిన కాయము. పప్పులో వెల్లుల్లి, కూరలో మునగాకు. సముద్రతీర గ్రామములందు పాలు పడుటకై పాలసొరను వెదకి తెచ్చి బాలింతకు వండి పెట్టుదురు. వీనిలో ఏ పదార్థము పాలను ఎంత పెంచునను చర్చ యటుండనిండు. ఆ ఏర్పాటులో అసలు విలువ మరొకచోట నున్నది. నలుబది దినములు ఆ తల్లికి పొయ్యి లేదు, నీళ్ళబిందె లేదు, పొలము లేదు. వేడియన్నము చేతికి వచ్చును. ఏడ్చు బిడ్డను ఎత్తుకొనుటకు మరొక చేయి యుండును. అన్నిటికంటె ముఖ్యముగ, పదిమందిని కని పెంచిన పెద్ద స్త్రీ ఒకతె ప్రక్కన కూర్చుండి, బిడ్డను ఎట్లు పట్టుకొనవలెనో, చన్ను ఎట్లు అందింపవలెనో చేతితో చూపును.

పాలిచ్చుట తల్లికి పుట్టుకతో వచ్చిన విద్య యనుకొందుము. చన్ను కుడుచుట బిడ్డకు పుట్టుకతోనే వచ్చును గాని, ఇచ్చుట తల్లి చూచి నేర్చుకొనవలసినదే. ఉమ్మడి కుటుంబములో బాలికలు అక్కలు పాలిచ్చుట చూచుచునే పెరిగెడివారు. ఆ బడికి పలకయు పుస్తకమును లేవు గాని, పాఠము మాత్రము తప్పక జరిగెడిది.

అయితే ఆ పురిటింటిని బంగారపు కాలమని పొగడుటకు వీలులేదు. గాలి చొరని గదులు, దాహమునకు కూడ కొలిచి యిచ్చు నీళ్ళు, బలహీనురాలిని మరింత బలహీనపరచు పథ్యములు అందుండెను. కూలిపనికి పోవు స్త్రీకి నలుబది దినములు కాదు, పది దినముల విశ్రాంతియైనను చాలచోట్ల దొరకలేదు. వీటన్నిటికంటె బిడ్డ ప్రాణమునకు ఎక్కువ ముప్పు తెచ్చినది మరొక ఆచారము. అది ముర్రుపాలు పారబోయుట.

ప్రసవమైన వెంటనే తల్లికి వచ్చు పాలు కొంచెము, చిక్కన, పసుపు వన్నె. ఆ వన్నెను చూచి చెడ్డపాలనిరి, నెలల తరబడి లోపల నిలువయున్న పాలనిరి, బిడ్డకు అరుగవనిరి. పిండి నేలపాలు చేసిరి. మూడవనాడో నాలుగవనాడో తెల్లని పాలు వచ్చువరకు ఉగ్గుగిన్నెకు పని కలిగెను. కడుపు కడుగుటకు ఆముదము, నోరు తీపి చేయుటకు తేనె, ఆకలి తీర్చుటకు పంచదార నీళ్ళు. మా పెద్దలును ఇట్లు పెరిగినవారే. “మేమందరము బ్రతుకలేదా?” యని వారడుగుట మేము వింటిమి. బ్రతికినవారే కదా ఆ ప్రశ్న అడుగగలరు.

ఈ ఆచారము వెనుక శాస్త్రబలము లేకపోలేదు. సుశ్రుత సంహితలోని శారీర స్థానము హృదయమునందలి ధమనులు విచ్చుకొని మూడు నాలుగు రాత్రులకు గాని తల్లికి పాలు ప్రవర్తిల్లవనియు, అంతవరకు బిడ్డకు తేనెను నేతిని ఓషధులతో కలిపి ఇయ్యవలెననియు విధించినది. వాగ్భటుడును ఇంచుమించు ఆ మార్గమునే పట్టెను. కాని చరక సంహిత చెప్పినది వేరు. మంత్రించిన తేనెను నేతిని నాకించిన పిమ్మట, తల్లి కుడిచన్నును బిడ్డకు ముందుగ అందింపవలెనని చరకుని విధి. దినములు లెక్కించి ఆగుమని అందు లేదు. ఒకే శాస్త్రమున రెండు మతములుండగా, ఊళ్ళలో నిలిచినది ఆలస్యము చేయు మతము. చరకుని మాట గ్రంథమునందే యుండిపోయినది.

సుశ్రుతునే తప్పుపట్టి ఊరకుండుట న్యాయము కాదు. బిడ్డను తాకుట, చూచుట, తలచుట వలన తల్లికి పాలు స్రవించుననియు, శిశువునందలి ఎడతెగని స్నేహమే దానికి కారణమనియు ఆయన సంహితయే చెప్పినది. కోపము, శోకము పాలను తగ్గించుననియు హెచ్చరించినది. తెలుగు రైతు ఈ సంగతిని ఒక్క మాటలో ఇమిడ్చినాడు: పాలు “చేపుట”. దూడ మూతి తగులగనే ఆవు చేపును. బెదిరినచో పాలను ఎగబట్టును. స్త్రీల విషయమునను ఇంతే. బిడ్డ చీకగనే తల్లి మెదడునుండి వెలువడు ఆక్సిటోసిన్ అను రసము పాలను ముందుకు నెట్టును. భయము, నొప్పి, అవమానము దానిని నిరోధించును. బాలింతను మాటలతో నొప్పింపరాదను పెద్దల హితవుకు ఇంతటి ఆధారము గలదు.

ముర్రుపాల విలువ ఆధునిక పరిశోధనము వలన తేటపడినది. 1961లో స్వీడన్ వైద్యుడు లార్స్ హాన్సన్ తల్లిపాలలోని రోగరక్షక పదార్థము రక్తములోని దానికంటె భిన్నమైన ప్రత్యేక నిర్మాణము గలదని చూపెను. ఆ పదార్థము ముర్రుపాలలో అత్యధికముగ నుండి, పసివాని ప్రేగులకు పూతవలె పనిచేయును. బిడ్డకు తొలి టీకా ఇదియే యని వైద్యులు చెప్పుట ఇందువలననే. ఆఫ్రికాలోని ఘనా దేశమున వేలకొలది శిశువులను పరిశీలించి 2006లో ప్రకటించిన లెక్కలు మరింత కదలించునవి. పుట్టిన మొదటి గంటలోనే అందరు బిడ్డలకు పాలు పట్టగలిగినచో, నెలలోపు శిశుమరణములలో నూటికి 22 తప్పింపవచ్చునని ఆ పరిశోధకులు అంచనా కట్టిరి. మన యిండ్లలో గడచిన ఆ మూడు దినముల వెల ఎంతయో దీనిని బట్టి ఊహించుకొనవచ్చును.

ఇక ఆసుపత్రుల కాలమునకు వత్తము. 1844లో చెన్నపట్టణమున ప్రసూతి వైద్యశాల వెలసెను. 1875లో అచ్చటి వైద్య కళాశాల స్త్రీలను చేర్చుకొనెను. ఆ తొలి జట్టులోని మేరీ షార్లీబ్ అను ఆంగ్లవనిత లండనులో పై చదువు ముగించి మరలివచ్చి, 1885లో ఘోషా స్త్రీలకొరకు చెన్నపట్టణమున ప్రత్యేక వైద్యశాల ఏర్పడుటకు కారకురాలయ్యెను. పరపురుషుని కంటబడని స్త్రీలకు స్త్రీలే వైద్యము చేయు తావులవి. విజయనగరమునందును విశాఖపట్టణమునందును స్త్రీల ఆసుపత్రిని జనులు నేటికిని ఘోషాసుపత్రి యని పిలుచుట ఆ నాటి గుర్తు. 1923లో విశాఖపట్టణమున వైద్య కళాశాల ఆరంభమయ్యెను. విజయవాడలో వైద్యము సాగించిన డాక్టరు కొమర్రాజు అచ్చమాంబగారు ప్రసూతిని గూర్చియు శిశుపోషణమును గూర్చియు తెలుగున గ్రంథము రచించిరి. 1948లో విజయవాడలోను, 1963లో విశాఖపట్టణములోను ఆకాశవాణి కేంద్రములు నెలకొనిన పిమ్మట, స్త్రీల కార్యక్రమములు చదువురాని ఇల్లాలి చెవికిని చేరినవి.

ఆసుపత్రి శుభ్రతను తెచ్చినది. తల్లుల ప్రాణములు నిలిపినది. దానితోపాటు గడియారమును కూడ తెచ్చినది. న్యూజీలాండులో 1907లో శిశుసంక్షేమ సంఘమును స్థాపించిన ట్రూబీ కింగ్ అను వైద్యుడు బిడ్డకు వేళ ప్రకారమే పాలియ్యవలెనని బోధించెను. ఆ క్రమశిక్షణ బ్రిటిషు సామ్రాజ్యమంతట ప్రాకెను. బిడ్డను ఒక గదిలో, తల్లిని మరొక గదిలో ఉంచి, నాలుగు గంటలకు ఒకమారు కలుపుట చాల ఆసుపత్రులలో పద్ధతి యయ్యెను. ఇంటిలో పది చేతులు చేయు సాయము ఇక్కడ లేదు. పాలు తగ్గెను. తగ్గినచోట డబ్బా ప్రవేశించెను.

డబ్బాపాల వ్యాపారమునకు ఆది 1867 ప్రాంతమున ఐరోపాలో కలదు. హెన్రీ నెస్లే స్విట్జర్లాండులో పాలు పిండి కలిపిన శిశ్వాహారమును అప్పుడు విక్రయించెను. తల్లిలేని బిడ్డకు అట్టిది ప్రాణాధారమగుట నిజమే. తల్లి యున్న బిడ్డకును అదియే మేలని చాటుటతో కీడు మొదలయ్యెను. 1939లో సింగపూరులో డాక్టరు సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు వర్తక ప్రముఖులు కూడిన సభలోనే ఈ ప్రచారమును పసివారి హత్యగ పరిగణింపవలెనని తీవ్రముగ ఖండించెను. పేదయింట డబ్బా నాలుగు దినములకు బదులు పది దినములు రావలెనని నీళ్ళు హెచ్చుగ కలుపుదురు. ఆ నీరు చెరువుది. ఆ సీసా సరిగ ఉడికించినది కాదు. విరేచనములు, శోష, మరణము. మన దేశమునను అదియే జరిగినది.

“తిండిలేని తల్లికి పాలెక్కడివి?” యను మాట నాడు విరివిగ వినబడెను. డాక్టరు సి. గోపాలన్ కూనూరులోని పోషకాహార పరిశోధనాలయమున పేద తల్లులను పరిశీలించి 1958లో ప్రకటించిన వ్యాసము ఈ మాటకు సమాధానమిచ్చెను. కొరత తిండి తినుచును ఆ తల్లులు మొదటి నెలలలో బిడ్డ పెరుగుదలకు చాలినన్ని పాలిచ్చుచునే యుండిరి. ఆ పాలు ఆమె శరీరమునుండి వచ్చుచున్నవి గనుక ఆకలి తీర్పవలసినది తల్లిదే యని దాని తాత్పర్యము. ఆ పరిశోధనాలయము తరువాత హైదరాబాదునకు తరలివచ్చి, జాతీయ పోషకాహార సంస్థగ ప్రసిద్ధి కెక్కెను.

1981 మే నెలలో ప్రపంచ ఆరోగ్య మహాసభ డబ్బాపాల ప్రచారమునకు కట్టుబాట్లు విధించెను. భారత ప్రభుత్వము 1992లో చట్టము చేసి 1993 ఆగస్టు 1వ తేదీనుండి అమలుపరచెను; 2003లో దానిని మరింత బిగించెను. రెండేండ్ల లోపు శిశువుల ఆహారమునకు ప్రకటనలిచ్చుట, తల్లులకు ఉచితముగ నమూనా డబ్బాలు పంచుట ఇప్పుడు నేరము.

ఇంత జరిగినను పని పూర్తి కాలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన ప్రకారము దేశమున నూటికి 88 మందికి పైగా ఆసుపత్రులలో ప్రసవించుచున్నారు. కాని మొదటి గంటలో తల్లిపాలు అందిన బిడ్డలు నూటికి 42 మందియైనను లేరు. ఆంధ్రప్రదేశమున ఆసుపత్రి ప్రసవములు నూటికి 96 దాటినవి. శస్త్రచికిత్సచే జరుగు కాన్పులు 42 దాటినవి. మంత్రసాని పోయినది, ఆముదపు గిన్నె పోయినది. ఆలస్యము మాత్రము కొత్త వేషమున నిలిచియున్నది. బాలింత మత్తులో నున్నదని, బిడ్డను బంధువులకు చూపవలెనని, గది మార్చవలెనని గంట గడచిపోవును.

శస్త్రచికిత్సయైన తల్లియు తెలివిలో నున్నచో ఒకరి సాయముతో వెంటనే పాలియ్యగలదు. ప్రక్కకు ఒత్తిగిలి గాని, బిడ్డను చంక క్రిందుగ పట్టుకొని గాని ఇచ్చినచో కుట్లకు ఒత్తిడి తగులదు. ఏ తల్లియైనను గుర్తింపవలసిన పద్ధతి నాలుగు మాటలలో చెప్పవచ్చును. బిడ్డ తల, వీపు ఒక్క వరుసలో నుండవలెను. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు తగిలియుండవలెను. తల్లి వంగి చన్ను అందించుట కాక, బిడ్డనే చన్ను దగ్గరకు తీసికొనవలెను. నోరు పెద్దదిగ తెరచిన క్షణమున మొన మాత్రమే గాక, చుట్టునున్న నల్లని వలయములో చాలభాగము, ముఖ్యముగ క్రిందిభాగము, నోటిలోనికి పోవలెను. గడ్డము చన్నునకు ఆనును. క్రింది పెదవి వెలుపలికి మడతపడును. తల్లికి నొప్పి యుండదు. నొప్పియు పుండ్లును కలుగుచున్నచో పట్టు సరిగ కుదరలేదని యర్థము. చిటికెనవ్రేలితో మెల్లగ విడిపించి మరల పట్టింపవలెను.

“పాలు పడలేదు” అను మాట బాలింత చెవిని వేయువారు ఒకటి తెలిసికొనవలెను. నాగావళి ఇసుకలో చెలమ త్రవ్వినవారికి ఇది కొత్త కాదు: తోడినకొలది ఊరును. రేయింబవళ్ళలో ఎనిమిది మొదలు పండ్రెండు మారులు బిడ్డ కుడిచినచో పాలు వాటంతట అవే పెరుగును. మధ్య ఒక సీసా పోసినచో అంతమేర ఊట తగ్గును. మొదటి దినమున పసివాని కడుపు మిక్కిలి చిన్నది; ఒక చెంచాడు ముర్రుపాలు వానికి విందు. మొదటి వారము గడచుసరికి దినమునకు ఆరుమారులకు తక్కువ గాకుండ మూత్రము పోయుచు, రెండు వారములకు పుట్టినప్పటి బరువును అందుకొన్నచో పాలు చాలుచున్నట్లే. ఏడ్చినగాని తల్లియైన పాలియ్యదను సామెతను కూడ కొంత సవరించుకొనవలెను. ఏడ్పు ఆకలికి చివరి గుర్తు. పెదవులు కదుపుట, చేయి నోట పెట్టుకొనుట, తల అటునిటు త్రిప్పి వెదకుట తొలి గుర్తులు. ఆరు నెలలు నిండువరకు రోహిణికార్తె యెండలలోను బిడ్డకు వేరే నీరు అక్కరలేదు. తరువాత మెత్తని అన్నము, పప్పుతో పాటు రెండేండ్లును ఆపైనను తల్లిపాలు సాగవలెను.

ఇప్పుడు మన ఉగ్గుగిన్నె కథ మలుపు తిరుగును. నెలలు నిండక తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ చన్ను పట్టి లాగలేడు. సీసా తిత్తి వానికి మంచిది కాదు. కడుగుట కష్టము, రోగమునకు ఇల్లు. అందుచే తల్లి చేతితో పిండిన పాలను మూతిగల చిన్న గిన్నెతో త్రాగించుట మన దేశపు శిశువైద్యశాలలలో స్థిరపడిన పద్ధతి. తమిళులు దానిని పాలాడై యందురు. మనకది ఉగ్గుగిన్నెయే. గిన్నె పాతది, అందులోనిది మారినది.

దాది సంగతియు ఇట్లే. తల్లిపాలు లేని బిడ్డకు మరొక స్త్రీ పాలు పట్టించుటను చరకాదులు వివరించి, “ధాత్రి”కి ఉండవలసిన లక్షణములు చెప్పిరి. పాలు నీటిలో ఏకముగ కలిసినచో మంచివని పరీక్షయు చెప్పిరి. 1989లో బొంబాయిలోని సయన్ ఆసుపత్రిలో డాక్టరు ఆర్మిడా ఫెర్నాండెజ్ తల్లిపాల నిధిని స్థాపించెను. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో వెలసిన పాలనిధికి “ధాత్రి” యనియే పేరు. ఒక తల్లి పాలు పరీక్షింపబడి, వేడిచేయబడి, ఎరుగని మరొక బిడ్డకు చేరుచున్నవి.

నలుబది దినముల ఆసరాకును కొత్త రూపము వచ్చినది. తెలంగాణపు పొరుగున నున్న గడ్చిరోలి జిల్లాలో డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు గ్రామస్త్రీలకే శిక్షణ నిచ్చి బాలింతల యిండ్లకు పంపిరి. నెలలోపు శిశుమరణములు నూటికి 62 వంతులు తగ్గినట్లు 1999లో వారు ప్రకటించిరి. దానిని అనుసరించి 2011 నుండి ఆశా కార్యకర్త కాన్పు తరువాత 3, 7, 14, 21, 28, 42వ దినములందు బాలింత యింటికి వచ్చుచున్నది. నలువది రెండవ నాటితో ముగియు ఈ లెక్క మన పురిటి నలువదికి ఎంత చేరువగ నున్నదో చూడుడు! సీతంపేట, సాలూరు కొండలలోని సవర, జాతాపు పల్లెలకు ఆమె నడచియే పోవలసివచ్చును.

అయినను ఆమె ఘడియసేపు మాత్రమే కూర్చుండగలదు. తక్కిన కాలము ఇంటివారిది, ఆపై యజమానిది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము బిడ్డకు పదునైదు నెలలు నిండువరకు పనిదినమున రెండుమారులు పాలిచ్చుటకు విరామమును కల్పించినది. 2017లో వేతనముతోడి సెలవు 26 వారములయ్యెను. కాని పలాసలో జీడిపప్పు ఒలుచు స్త్రీకిని, వరినాట్లకు పోవు కూలికిని అట్టి రక్షణము అందుట కష్టము. మరికొందరు కూలిపనికై దూరప్రాంతములకు వలసపోవుదురు. వారి వెంట అమ్మయు అత్తయు ఉండరు. అట్టి తల్లి డబ్బా పట్టినచో నిందింపకుడు. ఆమెకు లేనిది ప్రేమ గాదు, తీరిక.

అందుచే ఈ ప్రసంగము వినిన, చదివిన యిండ్లవారికి మేము విన్నవించునది స్వల్పము. మీ యింట పురుడు వచ్చినపుడు ముర్రుపాలు పారబోయింపకుడు. మొదటి గంటలో బిడ్డను తల్లి రొమ్మున చేర్చుమని అత్తగారైనను, తండ్రియైనను ముందుగనే వైద్యులను అడుగుడు. నలుబది దినములు ఆ తల్లి చేతినుండి బిందె తీసికొనుడు. “పాలు పడలేదు” అనుటకు ముందు ప్రక్కన కూర్చుండి బిడ్డ పట్టు ఎట్లున్నదో చూడుడు. ఇంటికి వచ్చిన ఆశా కార్యకర్తకు పీట వేయుడు. అటుకమీది ఉగ్గుగిన్నెను దించి కావలసిన చోట నీటిలో ఉడికించి వాడుకొనుడు. అందులో పోయునది మాత్రము తల్లి పాలే యుండవలెను.